మాయాబందర్ సర్వర్‌లో ఖాళీ ఫోల్డరు

రిటైరవడానికి రెండేళ్ల ముందు, వానలు మొదలయ్యే నెలలో, నన్ను పోర్ట్ బ్లెయిర్ నుంచి మాయాబందర్‌కు విచారణ మీద పంపారు. అప్పుడు నేను ఓడ టికెట్ల సర్వర్లు చూసే సీనియర్ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ని. అక్కడి సర్వర్ పట్టపగలు ఆగిపోయి, టికెట్ దొరక్క జెట్టీ దగ్గర జనానికి ఓడ తప్పిపోయింది. నేరం కాంట్రాక్టు ఆపరేటర్ సలోమీ మీద పడింది. బ్యాకప్ ప్రోగ్రాము మెమరీ అంతా మింగకుండా ఆమె హద్దు పెట్టలేదట. నా రిపోర్టు అందగానే ఆమెను తీసేస్తామన్నారు.

సలోమీ ఆదివారాలు తెలుగు చర్చిలో గొంతెత్తి పాడే మనిషి. ఆ రోజు గొంతు తగ్గించి, తను హద్దు రాసిన ఫైలు తెరిచి చూపించింది పాపం.

“పెట్టాను సర్, సచ్ మే! హద్దు ఎలా పెట్టాలో మీరు రాసి పంపిన కాగితం చూసే చేశాను. నంబరు ఇదిగో, ఫైల్లోనే ఉంది. అందరూ నా మాట ఝూట్, అబద్ధం అంటున్నారు.”

“పెట్టుంటే సర్వర్ ఎందుకు ఆగుతుంది?” అన్నారు అక్కడి ఆఫీసరు.

నంబరు నిజంగానే ఉంది. నాకు అనుమానం వచ్చి, ఏది ఎక్కడ మౌంటైందో చూపించే జాబితా తీశాను. ఆమె నంబరు రాసిన ఫోల్డరు అందులో లేదు!

ఇక్కడ కాస్త చెప్పాలి. మెమరీ హద్దులు పెట్టేది వర్చువల్ ఫైల్ సిస్టమ్ ద్వారా. వర్చువల్ ఫైల్ సిస్టమ్ డిస్కు మీద ఉండదు; సర్వర్‌ను లోపల నుంచి నడిపే మూల ప్రోగ్రాము, కెర్నెల్, తన లోపలి సంగతుల్ని ఫైళ్లలా చూపిస్తుంది, అంతే. దాన్ని ఒక ఫోల్డరుకు తగిలించడమే మౌంట్ చేయడం. తగిలించిన చోట రాస్తే అది కెర్నెల్‌కు ఆజ్ఞ. వేరే చోట రాస్తే ఉత్త ఫైలు. తప్పని ఎవరూ చెప్పరు, పనీ జరగదు.

మాయాబందర్‌లో పనిచేసిన రోజుల్లో, పొడుగు పేరు టైపు చేయడానికి బద్ధకించి, ఆ ఫైల్ సిస్టమ్‌ను మామూలు చోటు నుంచి తీసి చిన్న పేరున్న ఫోల్డరుకు తగిలించిన మహానుభావుణ్ణి నేనే. పాతది ఖాళీగా వదిలేశాను, ఎక్కడా రాసిపెట్టలేదు. తర్వాత పోర్ట్ బ్లెయిర్‌లో కూర్చుని, మామూలు చోటే మౌంటై ఉన్న అక్కడి యంత్రం చూసి, ఆ పాత ఫోల్డరు పేరుతోనే సలోమీకి పంపిన కాగితం రాసిందీ నేనే. సిగ్గుతో చచ్చిపోయాను.

“సర్వీసు చివర్లో మీకెందుకండీ, సాంకేతిక లోపం అని రాసేయండి” అన్నారు ఆఫీసరు. నా పేరే రాశాను. నాకు మెమో వచ్చింది. సలోమీ ఉద్యోగం నిలిచింది.

రిపోర్టు రాసిన రోజే, సాయంత్రంలోగా, అన్ని దీవుల సర్వర్లలోనూ ఆ ఫైల్ సిస్టమ్ మామూలు చోటే ఉండేలా చేయించాను. రాసే ముందు అక్కడ మౌంటై ఉందో లేదో చూడమని కాగితంలో మొదటి వరుసగా చేర్చాను. దాన్ని చదివి సలోమీ, “ఇది ముందే రాయాల్సింది కదా సర్” అంది.

అవును, ముందే రాయాల్సింది.