డింగీకి కట్టిన పాత టైర్లు

2022 జూన్. పోర్ట్ బ్లెయిర్ శివారు డాలీగంజ్‌లో టైర్ల షాపు నేను పెట్టి అప్పటికి పద్దెనిమిదేళ్లయింది. వానలు మొదలై పది రోజులైంది. మా వ్యాపారానికి అదే సీజను. ఏడాదంతా బోడి టైర్లతో నెట్టుకొచ్చిన వాళ్లందరికీ మొదటి వానలో ఒకేసారి ప్రాణభయం పుడుతుంది, నా షాపు ముందు బండ్లు బారులు తీరతాయి.

ఈ పని బయటివాళ్లకు చాలా తేలిగ్గా కనబడుతుంది. ఒక టైరు విప్పి ఇంకొకటి బిగించడమేగా, ఇందులో ఏముంది అంటారు. ఆ మాట వింటే నాకు చిర్రెత్తుకొస్తుంది. కానీ ఆ ఏడాది నేను చేసిన నిర్వాకం గుర్తొస్తే, నా మటుకు ఆ మాట సరిపోయిందేమో అనిపిస్తుంది. దాని గురించే ఇది.

ఒక రోజు మధ్యాహ్నం నూకరత్నం పికప్ బండి వచ్చి ఆగింది. ఆమెది తుష్నాబాద్. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి స్థిరపడిన చేపలవాళ్ల కుటుంబం. భర్త సింహాచలం డింగీ మీద, అంటే ఇంజను బిగించిన చిన్న పడవ మీద వేటకు వెళ్తాడు. పట్టిన చేపను ఐసు పెట్టెల్లో సర్ది, బండిలో వేసుకుని పోర్ట్ బ్లెయిర్ బజారుకు తెచ్చి అమ్మేది నూకరత్నం. బండి నడిపేదీ ఆమే. ముప్పై ఎనిమిదేళ్ల వయసులో పట్టుబట్టి డ్రైవింగు నేర్చుకుంది. అంతకుముందు ఒడ్డుకొచ్చిన దళారి ఎంతంటే అంతకు చేప ఇచ్చేయాల్సి వచ్చేది. స్టీరింగు చేతికొచ్చాక ఆ తల వంచే పని తప్పింది.

"భయ్యా, ఆల్ టెర్రైన్ టైర్లు గావాల. నాలుగూ మార్చెయ్," అంది దిగుతూనే.

"అదేంటి దీదీ, ఏప్రిల్లోనే కదా వెనక రెండూ కొత్తవి వేశాను?"

"మల్లీ జారింది. మొన్న మంగళారం. కల్వర్టు గోడ కాసింది గాని, నేకపోతే ఈపాటికి వాగులో ఉండేదాన్ని. ఎదురుగా బస్సొకటి. ఓలమ్మో!"

బండి వెనక్కి వెళ్లి చూశాను. బాడీ మూల సొట్ట పడింది. టైర్లు చూస్తే రెండు నెలల టైర్లు, గ్రిప్పు బ్రహ్మాండంగా ఉంది. ఏప్రిల్లో ఒకసారి ఇలాగే జారి కాలవలో దిగినప్పుడు, టైర్లు అరిగాయనే ఈ జత వేయించుకుంది. ఇప్పుడు కొత్త టైర్లతో కూడా జారింది.

"మా ఆయన తాళంసెవి ఇచ్చెయ్యమంటన్నాడు. ఇంకోపాలి జారితే గాడీ మా మరిది సేతికి ఎల్లిపోద్ది. బస్, పక్కా. మరిది తోలితే బజారూ ఆడిదే, బేరమూ ఆడిదే. నేను ఇంట్లో కూకోవాల," అంది. తర్వాత నా మొహంలోకి సూటిగా చూసింది. "టైర్ల షాపు భయ్యా కూడా సెప్పినాడు, టైర్లు కొత్తవి, తప్పు నడిపే సెయ్యిది అంటన్నాడు మా ఆయన. నువ్వన్నావా ఆ మాట?"

అన్నాను. ఏప్రిల్లో టైర్లు వేశాక సింహాచలంతో టీ తాగుతూ, నవ్వుతూ అన్నాను. "కొత్త టైర్లు వేశాను. ఇక జారిందంటే తప్పు టైరుది కాదు, స్టీరింగు పట్టిన చేతిది" అని. నాకది పొద్దుపోక అన్న మాట. ఆ మాటే ఆ ఇంట్లో తీర్పై కూర్చుంది. గాలి కొలిచే గేజీ కోసం వెతుకుతున్నట్టు లోపలికి వెళ్లాను.

ఇక్కడ ఆల్ టెర్రైన్ సంగతి కాస్త చెప్పాలి. తారురోడ్డుకూ మట్టిదారికీ రెంటికీ పనికొచ్చేలా చేసిన టైరది. ట్రెడ్, అంటే నేలను పట్టుకునే పైభాగం, దిమ్మలు దిమ్మలుగా ఉంటుంది. బురద ఆ సందుల్లోంచి బయటికి పోతుంది. అంతవరకు మంచిదే. కానీ తడిసిన తారు మీద అది మామూలు గీతల టైరు కంటే గొప్పగా ఏమీ ఆగదు. ఇంకో చిక్కు లోడ్ ఇండెక్స్. టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె అది, టైరు పక్కగోడ మీద అచ్చు వేసి ఉంటుంది. టూరిస్టులను తిప్పే జీపులకని చేసిన ఆల్ టెర్రైన్లలో చాలావాటికి ఆ అంకె తక్కువ. చూపులకు బాగుందని అదే తెచ్చి ఐసు పెట్టెల బండికి వేస్తే ఆరు నెలల్లో పక్కగోడ ఉబ్బిపోతుంది.

ఇదంతా ఆమెకు చెప్పాను. "అవి ఏత్తే జారదని మా ఊరంతా సెప్తున్నారు భయ్యా," అంది. మామూలు రోజైతే, అడిగినవి వేసి పంపేసేవాణ్ణేమో. ఆ రోజు మాత్రం చెయ్యి రాలేదు. ఇవి వేశాక కూడా జారితే ఆమెకు ఇంకో మాట చెప్పుకునే దారి ఉండదు.

"ఏప్రిల్లో విప్పిన పాత జత ఎలా అరిగిందో చూడాలి దీదీ. అవి ఎక్కడున్నాయి?"

"ఇంకెక్కడుంటాయి? మా ఆయన డింగీకి కట్టేసినాడు."

మా ద్వీపాల్లో పాత టైరు ఎవరూ పారేయరు. పడవ పక్కలకు వేలాడదీస్తారు, జెట్టీకి రాసుకుని చెక్క దెబ్బతినకుండా. విప్పిన టైరు నేల మీద పడకముందే ఎవరో ఒకరు ఎత్తుకుపోతారు. మెయిన్‌ల్యాండులో టైర్ల షాపు పక్కన పాత టైర్ల గుట్ట ఉంటుంది. మేస్త్రీ రోజూ వాటిని చూస్తూనే ఉంటాడు. నాకా గుట్ట లేదు. పోతున్న టైరును ఒకసారి తిప్పి చూసే అలవాటు ఎప్పుడు పోయిందో కూడా నాకు తెలియదు. డాక్టరు నాలుక చూడకుండా మందు రాసినట్టే నా వ్యాపారం నడుస్తోంది.

ఆదివారం షాపు మూసి ఆమె బండిలోనే బయల్దేరాను. సన్నగా జల్లు పడుతోంది. వెనక ఖాళీ. ఆమె నడపడం నేను అంతకుముందు చూడలేదు. ఎత్తు ఎక్కేముందే గేరు మార్చడం, మలుపుకు చాలా ముందే వేగం తగ్గించడం, ఎదుటి బండికి దారివ్వడం చూస్తూ కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, నాకంటే బాగా నడుపుతోంది. కానీ చిన్న గుంత వచ్చినా బండి వెనకభాగం ఎగిరెగిరి పడుతోంది.

"ఇదిగో, ఇలగే," అంది ఆమె. "ఖాళీగా తిరిగి ఒచ్చినప్పుడే తోక ఊపుద్ది భయ్యా. లోడుతో ఎప్పుడూ, బిల్కుల్ జారనేదు. ఏప్రిల్లోనే సెప్పినాను కదా నీకు."

చెప్పిందా? చెప్పే ఉంటుంది. నేను తలూపే ఉంటాను.

తుష్నాబాద్ దాటి, చివర్న ఎర్రమట్టి దిగుడు దిగి ఒడ్డుకు చేరాం. సింహాచలం వల బాగుచేసుకుంటున్నాడు. "ఏటి భయ్యా, ఆదివారం పూట పాత టైర్లు సూడ్డానికి ఇంత దూరం ఒచ్చినావా?" అని నవ్వాడు. మనిషి మంచివాడే. పెళ్లానికి ఏమైనా అవుతుందని అతని భయం, దానికి నా మాట ఒకటి తోడైంది.

డింగీకి పక్కకు రెండు చొప్పున నాలుగు టైర్లున్నాయి. నా షాపులో అమ్మిన ప్రతి టైరు మీద పసుపు పెయింటుతో చిన్న గుర్తు పెడతాను, దాన్ని బట్టి మావి రెండూ పట్టుకున్నాను. పాచి పట్టి ఉన్నాయి. ఉప్పునీళ్లతో కడిగి అరచేత్తో రుద్దాను. నడి మధ్య చెయ్యి వెడల్పున నున్నగా, గుండు గీసినట్టు అరిగిపోయింది. రెండు అంచుల్లో గాట్లు మాత్రం లోతుగా, దాదాపు కొత్తవిగానే ఉన్నాయి. రెండో టైరూ అంతే.

మా పనిలో ఇది మొదటి పాఠం. గాలి తక్కువైతే టైరు అంచులు అరుగుతాయి. గాలి ఎక్కువైతే నడిమి భాగం ఉబ్బి, అదొక్కటే రోడ్డును తాకి, అదే అరుగుతుంది. చేప లోడున్నప్పుడు బరువుకు టైరు నొక్కుకుని నిండుగా కూర్చుంటుంది. ఖాళీ అయ్యాక సన్నటి పట్టీ మీద నడుస్తుంది. తడి రోడ్డు, దిగుడు మలుపు, బ్రేకు మీద కాలు. తోక తిరగక ఏం చేస్తుంది?

ఆ గాలి పట్టింది ఎవరు? నేనే. పదిహేను రోజులకోసారి, నా చేత్తోనే. లోడు బండి కదా అని వెనక టైర్లకు డెబ్బై పౌండ్లు పట్టేవాణ్ణి. ఎవరూ అడగలేదు, అది నా సొంత తెలివి. డ్రైవరు తలుపు తెరిచి లోపల అంటించిన కంపెనీ స్టిక్కరు చూశాను. రెండు వరుసలున్నాయి. లోడుతో అరవై, ఖాళీగా నలభై. పద్దెనిమిదేళ్లుగా నేను మొదటి వరుస చదివి, దాని మీద పది కలిపి, రెండో వరుస వైపు చూడనే లేదు.

సింహాచలాన్ని పిలిచాను. టైరు మధ్యా అంచులూ అతని చేత్తోనే తడిమించాను. "తప్పు నడిపే చేతిది కాదు సింహాచలం. గాలి పట్టిన చేతిది. అంటే నాది," అన్నాను.

"మరి ఏప్రిల్లో అలగ సెప్పినావు కదా?"

"వాగాను. చూడకుండా వాగాను. నన్ను తిట్టు, పడతాను."

అతను తిట్టలేదు. నమ్మనూ లేదు. సరే అని గేజీ పెట్టి వెనక టైర్లు నలభైకి దించాను. ముగ్గురం బండెక్కాం. వాన ముదిరింది. మంగళవారం జారిన మలుపు దగ్గరికి వచ్చేసరికి సింహాచలం డ్యాష్‌బోర్డు గట్టిగా పట్టుకున్నాడు. నూకరత్నం ముందూ వెనకా చూసుకుని, రోడ్డు ఖాళీగా ఉందని తేల్చుకుని, దిగుడులో కావాలనే బ్రేకు వేసింది. బండి కాస్త ముక్కు వంచి, ఉన్న గీతలోనే ఆగింది. మళ్లీ పైకి వెళ్లి ఇంకోసారి దిగింది. మళ్లీ అంతే.

సింహాచలం చెయ్యి తీసి లుంగీకి తుడుచుకున్నాడు. "తమ్ముడికి సెప్పేత్తాను, గాడీ మాట మరిసిపొమ్మని," అన్నాడు నెమ్మదిగా.

నాకు గుండెల మీంచి బరువు దిగింది. ఆమె సంతోషిస్తుందని, నవ్వుతుందని అనుకున్నాను. ఆమె బండి పక్కకు తీసి ఇంజను ఆపేసింది.

"జారేది ఎప్పుడో, ఎక్కడో, రెండు నెల్లుగా నేను నోటితో సెప్తున్నాను," అంది. కోపంగా కూడా లేదు ఆ గొంతు. "మీ ఇద్దరిలో ఒక్కడూ ఇన్నేదు. నోరు నేని టైరు సెప్తే ఇన్నారు."

మేమిద్దరం మగాళ్లం ఆ సీట్లో తల దించుకుని కూర్చున్నాం. నేను క్షమించమని అడిగాను. "ఇంటికి పదండి, అన్నం తిందురు గాని," అంది తప్ప, క్షమించానని అనలేదు.

మరుసటి వారం ఆమె బండికి ఆల్ టెర్రైన్లు వేశాను, వెనక జత మాత్రమే. ఒడ్డుకు దిగే ఎర్రమట్టి దారికి అవి నిజంగానే అవసరం. లోడ్ ఇండెక్స్ సరిపోయే జత దొరకక చెన్నై నుంచి వచ్చే ఓడ దాకా ఆగాం. ఏప్రిల్ జతను ముందుకు మార్చాను, అది అక్కడ హాయిగా నడిచింది. బ్యాటరీకి తగిలించుకునే చిన్న పంపు, ఒక గేజీ ఇచ్చి, లోడుకు ఎంత, ఖాళీకి ఎంత అని చూపించబోయాను. ఆమె అప్పటికే స్టిక్కరులో రెండు వరుసలూ చదివేసింది. ఇప్పటికీ బండి ఆమే నడుపుతోంది.

టైరు అరిగిన తీరు చూసి కారణం చెప్పడం నాకు ముందే వచ్చు. నూకరత్నం నేర్పింది వేరే. ఇప్పుడు నా షాపుకు ఎవరు వచ్చినా మొదట అడిగేది టైరు సైజు కాదు, బండి నడిపేది ఎవరని. "మా ఆవిడ నడుపుద్ది భయ్యా, సంగతి నాకు తెలుసులే, నువ్వు వేసెయ్," అంటారు కొందరు. ఆమెను తీసుకురండి, ఆమెతో మాట్లాడాకే వేస్తాను అంటాను. విసుక్కుని పక్క షాపుకు వెళ్లిపోయేవాళ్లూ ఉన్నారు. పోతే పోనీ.