నాన్న లేపంలో నేను కలిపినది

1968 సెప్టెంబరు 7, శనివారం, ఉదయం ఆరుంబావు. అప్పుడు మొదలైంది. ఆనాటి నుంచి దీన్ని మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరు మా నాన్నను ఎరగరు కనుక మీకు చెప్పగలుగుతున్నాను.

నాన్న రేపల్లెలో వైద్యుడు. కల్వంలో మందు నూరేది నేను. ఆ జూన్‌లో బాపట్ల నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. కాన్పు తర్వాత రెండు చెంపల మీదా మంగు. చుట్టుపక్కల వాళ్ళు శని పట్టిందన్నారట. తాము లూథరన్ క్రైస్తవులమనీ, తమ ఇంటికి శని దారి తెలియదనీ నవ్వింది గాని, చెంప మీద కప్పుకున్న కొంగు మాత్రం తీయలేదు.

నాన్న ఆమెను వాకిట్లో వెలుగులో కూర్చోబెట్టి కొంగు తీయించాడు. నిద్ర, తిండి, కాన్పు, అన్నీ అడిగాడు. తర్వాత చాలాసేపు ఊరికే చూశాడు.

"బడికి రేపల్లె బస్సులో వస్తావా అమ్మా?"

"అవునండి, సగం దారి దాకా."

"డ్రైవరు వెనకాల, కిటికీ పక్కన కూర్చుంటావు."

"మీకెవరు చెప్పారండి?"

"నీ కుడి చెంప చెప్పింది. ఎడమదాని కంటే నల్లగా ఉంది. పొద్దున వచ్చేటప్పుడు ఎండ ఆ వైపే, సాయంత్రం వెళ్ళేటప్పుడూ ఆ వైపే."

ఒక మనిషి ముఖం చూసి ఆమె రోజూ వెళ్ళే దారి చెప్పవచ్చునా? ఇప్పటికీ ఆ క్షణం తలుచుకుంటే చేతిలో పని ఆగిపోతుంది.

సీటు మార్చుకోమన్నాడు. గొడుగు వదలొద్దన్నాడు. మంజిష్ఠ, రక్తచందనం నేతిలో నూరిన లేపం వారం వారం ఇస్తానని, ఏడాది ఓపిక పట్టమని చెప్పాడు.

మూడు నెలలకు నాకే ఓపిక పోయింది. నా మోచేతి దురదకు తెనాలి డాక్టరు రాసిన స్టెరాయిడ్ ట్యూబు ఇంట్లో ఉంది. ముఖానికి వద్దని, రెండు వారాలు దాటి వాడొద్దని ఆయన స్పష్టంగా చెప్పాడు. తెలిసే ఆ శనివారం దాన్ని లేపంలో కలిపాను. ఎందుకు? రోగులు తెనాలికి మళ్ళిపోతుంటే నాన్న చిన్నబోవడం చూడలేకనా? లేక ఆయనకు పట్టుబడిన అద్భుతం నా చేతికీ రావాలనా? రెండోదే అనుకుంటాను. ఇంత వయసులో అబద్ధమెందుకు.

ఆరో వారానికి ఆమె ముఖం తేటపడింది. నాన్న ఆమె గడ్డం పట్టుకుని వెలుగుకు తిప్పి చూసి, నలభై ఏళ్ళకు మంజిష్ఠ వేరు తన మాట విన్నదన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు. అప్పుడే చెప్పవలసింది. చెప్పలేదు. ఇక భయం లేదనుకుని టీచరమ్మ గొడుగు మానేసింది. మళ్ళీ కిటికీ పక్కన కూర్చుంది. నేను ఆపితే మంగు తిరిగి వస్తుందని, నా గుట్టు బయటపడుతుందని, కలుపుతూనే పోయాను. నలభై మూడు వారాలు. పదకొండు ట్యూబులు.

1969 జూలైలో ఆమె మళ్ళీ కొంగు కప్పుకుని వచ్చి, తీసి చూపింది. చెంపలు ఉల్లిపొరలా పలచబడి, ఎర్రటి సన్నని నరాలు పైకి తేలాయి. ఎండ తగిలితే మంట. మందు ఆపగానే మంగు మునుపటి కంటే నల్లగా వచ్చింది.

"నా చేత్తో ఒక ఆడపిల్ల ముఖం కాల్చానే, అమ్మాయ్," అన్నాడు నాన్న. నేను పక్కనే ఉన్నాను. కల్వం తీసుకుని కడగడానికి వెళ్ళాను. ఆయన మరి ఎవరి నాడీ పట్టలేదు. 1973లో పోయాడు.

మరో రెండేళ్ళకు, ఆయన పోయిన సంగతి తెలియక, టీచరమ్మ నాన్న పేర కార్డు రాసింది. తెనాలి డాక్టరు కూడా గొడుగే చెప్పాడట, సీటు మార్చమన్నాడట, ఏడాది ఓపిక పట్టమన్నాడట. "మొదట మీరు చెప్పినవేనండి. మంగు సగం తగ్గింది," అని రాసింది. చూపు ఒక్కటే సాధనంగా మా నాన్న అరుగు మీద కూర్చుని చెప్పిన మాటలు అవి. నేను వాటిని పని చేయనివ్వలేదు.

క్షమించమని ఎవరిని అడగను? టీచరమ్మకు రాయడానికి చాలాసార్లు కూర్చున్నాను, లేచిపోయాను. ఇప్పుడు రాశాను, మీకు. గుండెల్లో కొంచెం గాలి ఆడుతోంది. అంతే.

పోయినవి ఇవి. ఒక స్త్రీ రెండు చెంపల చర్మం. అది మళ్ళీ మందం కాలేదు. ఆమె బడికి వెళ్ళలేని ఏడు నెలలు. నలభై రెండో ఏట ఆగిపోయిన ఒక వైద్యం. నాన్నకు తన మీద తనకున్న నమ్మకం, చివరి నాలుగేళ్ళూ, పూర్తిగా.