లెక్క తేలేదాకా దురాయి

నేను పంతులుగా ఉన్న పులికాటు సరస్సు ఒడ్డు పల్లెలో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు గంగాధరం. తండ్రి సముద్రంలో పోయాక తల్లి గురవమ్మ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని సూళ్లూరుపేట వీధులు తిరిగి చదివించింది. అరవైల మొదట్లో అతను మద్రాసులో పద్మనాభయ్య గారనే ప్రొఫెసరు దగ్గర పరిశోధన చేసేవాడు. లోతు తక్కువ నీళ్లు ఎటు, ఎంత కదులుతాయో ముందే లెక్కగట్టి చెప్పడం అతని పని. అందుకు చిన్నప్పుడు తాను ఈదిన సరస్సునే ఎంచుకున్నాడు.

ఆ ఏడు ఎండాకాలంలో మొగ పూడిపోయింది. సరస్సు సముద్రంలో కలిసే దారి అది. ఇసుక అడ్డంపడితే చేపపిల్ల, రొయ్యపిల్ల లోపలికి రావు. లోపలి నీళ్లు ఇగిరి ఉప్పుగట్టిపోతాయి. అప్పుడు ఊరంతా పారలు పట్టి ఇసుకమేట కోయడం ఆనవాయితీ. ఊరిపెద్ద ముత్యాలయ్య అందుకోసం జనాన్ని కూర్చోబెట్టిన రోజు గంగాధరం సెలవుకు వచ్చి ఉన్నాడు.

“ఇప్పుడు కోస్తే దండగ పెద్దయ్యా,” అన్నాడు. “లోపలి నీళ్లు సముద్రం కంటే దిగువనుండాయి. సముద్రమే లోపలికొస్తాది, వస్తా వస్తా ఇసక తెస్తాది. వానలు పడి లోపల నీళ్లు ఎత్తుకొన్నాక కోస్తే, ఆ నీళ్లే బయటికి దూకి దారి చేసుకుంటాయి.”

“ఎప్పుడు కోయాల్నో చెప్పగలవా?”

“లెక్కగట్టి చెప్తా.”

నలుగురిలో అన్న మాట. ముత్యాలయ్య అక్కడికక్కడే దురాయి వేశాడు. గంగాధరం లెక్క తేలేదాకా మొగలో ఎవరూ పార దించకూడదు. దురాయి మీరిన ఇంటితో ఊరు మాట్లాడదు, నీళ్లు కూడా ఇవ్వదు.

గంగాధరం మద్రాసు వెళ్లి చేత్తో తిప్పే లెక్కల మిషను అడిగి తెచ్చుకున్నాడు. బడిలో ఒక మూల చోటిచ్చాను. గోడకు సరస్సు పటం, దానిమీద గళ్లు. ప్రతి గడిలో నీరెంత లోతు, ఎటు పోతోంది; చుట్టూ ఉన్న గళ్లను బట్టి ఇంకాసేపటికి అక్కడ ఏమవుతుంది; ఆ జవాబు పట్టుకుని మళ్లీ ముందుకు. పిల్లలు ఎక్కాలు వల్లిస్తుంటే వెనక ఆ మిషను గరగరలాడుతూనే ఉండేది.

కొన్నాళ్లకు అంకెలకు పిచ్చెక్కింది. ఒక గడిలో నీళ్లు తాటిచెట్టెత్తు లేచాయి. పక్క గడిలో నేలకన్నా కిందికి దిగిపోయాయి. గంజి తెచ్చిన గురవమ్మ సంగతి విని నవ్వింది.

“అన్ని నీళ్లుంటే మనకింక మొగెందుకురా? పడవేసుకొని పోయి సూళ్లూరుపేట టేసన్లోనే చేపలు దించొచ్చు.”

కొడుకు గంజి పక్కన పెట్టి కాగితాలు మొదటినుంచీ తిరగేశాడు. తప్పు దొరికేసరికి మరికొన్ని రోజులు పోయాయి. ఒక లెక్కకూ మరో లెక్కకూ మధ్య ఎక్కువ సమయం తీసుకున్నాడు. ఆలోపల నీరు గడి దాటి వెళ్లిపోతోంది, లెక్క మాత్రం అది ఇంకా అక్కడే ఉందనుకుంటోంది. కాలాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి మొదటినుంచీ కట్టాలి. చేసినదానికి ఎన్నో రెట్ల పని.

బయట సరస్సు అడుగంటుతోంది. చచ్చి తేలిన చేపల కంపుకు పిల్లలు ముక్కు మూసుకుని చదివేవారు. ఒక పొద్దున చిన్నపోలయ్య పెళ్లాంబిడ్డలతో, మూటలతో బడి ముందు ఆగాడు. గంగాధరంతో కలిసి వల లాగిన మనిషి.

“ఏందబ్బయ్యా, ఇంకా గిలక తిప్పతానే ఉండావా? అదే బావిమీద గిలకైతే బొక్కెనన్నా పైకొచ్చుండేది.”

“కొంచెం ఓర్చుకో మామా.”

“నేను ఓర్చుకుంటా. కడుపు దురాయి ఇనదు గదా.”

మద్రాసు హార్బరులో మూటలు మోయడానికి వెళ్లిపోయాడు. అతని వెనక ఒక్కో ఇల్లే గడపకు తడిక కట్టి ఖాళీ అయింది.

గంగాధరం ముత్యాలయ్య దగ్గరికి పరుగెత్తాడు. నేనూ వెంట వెళ్లాను.

“దురాయి ఎత్తెయ్యి పెద్దయ్యా. లెక్క ఎప్పుడు తేల్తాదో నాకే తెలీదు.”

“ఇప్పుడు కోస్తే నిలస్తాదా?”

అబద్ధం నోటిదాకా వచ్చినట్టే ఉంది. రాలేదు. “నిలవదు,” అన్నాడు.

“మరి ఉన్న ఓపిక కూడా ఇసకలో పొయ్యమంటావా?”

ముసురు పట్టి, కాళంగి ఏటి నీళ్లు దిగి, సరస్సు నిండుతున్న రోజుల్లో లెక్క తేలింది. ఉత్తరపు గాలికి నీళ్లు మొగ వైపు ఎగదన్నుతాయి. అప్పుడు సముద్రం వెనక్కి తీసే వేళ చూసి కోయాలి. అయితే మళ్లీ పోటు వచ్చేలోగా బాగా వెడల్పుగా కోయాలి. సన్నగా కోస్తే ఆ పోటే పూడ్చేస్తుంది.

వెడల్పు ఎంతో విని ముత్యాలయ్య తడికలు కట్టిన ఇళ్ల వైపు చూశాడు.

“అంత కోయాలంటే ఊరు కావాల నాయనా. ఊరు హార్బరులో మూటలు మోస్తుండాది.”

అయినా వెళ్లాం. ముసలివాళ్లు, ఆడవాళ్లు, నేను. గురవమ్మ ఎండుచేపల గంపతోనే ఇసుక మోసింది. కాలవ తెగి నీళ్లు సముద్రం వైపు దూకగానే అందరం కేకలు పెట్టాం. గంగాధరం ఒక్కడు అరవలేదు, వంచిన నడుం ఎత్తకుండా పార వేస్తూనే ఉన్నాడు. పోటు తిరిగింది. పొద్దుగూకేసరికి మేం కోసినచోట కాలు తడవకుండా దాటి వచ్చాం.

“సరిగ్గా లెక్కలో వచ్చినట్టే అయిందమ్మా,” అన్నాడతను, ఇసుకలో కూలబడి.

“అయిందిలే. లేసి గంప పట్టు.”

ఆ తర్వాత ఒక గాలివానకు మొగ దానంతటదే తెగింది. వెళ్లినవాళ్లలో కొందరే తిరిగొచ్చారు. గంగాధరానికి డాక్టరేటు పట్టా వచ్చింది.

మళ్లీ మొగ పూడిన ఏడు కబురు పెడితే వచ్చాడు. ఊరు కూడినచోట వెనక వరసలో కూర్చున్నాడు. ముత్యాలయ్య అతన్నే చూసి, “ఏమంటావబ్బయ్యా?” అన్నాడు.

నడివేసవి. లోపలి నీళ్లు సముద్రం కంటే బాగా దిగువన ఉన్నాయి. ఆ సంగతి అతనికి తెలుసు, ముత్యాలయ్యకూ తెలుసు.

“పారలు తియ్యండి పెద్దయ్యా,” అన్నాడు గంగాధరం. “ఊరు ఖాళీ కాకముందే అందరం పోదాం.”