తాడు రెండో చివర

ముడి మామ అసలు పేరు అతని దుకాణం కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనపడేది కాదు. ఆదివారం పొద్దున్నే ఊరి చివర పాత క్వారీలో రాతిగోడలెక్కే పాతికమందికీ అతను ముడి మామే.

"ఇంతమంది అల్లుళ్ళం ఉన్నాం, ఒక్క కూతురన్నా లేకపోయింది గదా మామా" అనేవాడు లైన్‌మేన్.

"ఉన్నా నీకిచ్చేవాణ్ణి కాదులే. స్తంభాలెక్కేవాడివి, సాయంత్రానికి దిగుతావో లేదో."

ఈ జోకు పదేళ్ళుగా నడుస్తోంది. ప్రతిసారీ కొత్తవాళ్ళెవరో ఒకరు నవ్వేవాళ్ళు.

మామ పని చెప్పులు, బూట్లు కుట్టడం. జిరాక్సు షాపుకీ మేడమెట్లకీ మధ్య, చేతులు బారచాపితే రెండు గోడలూ తగిలేంత దుకాణం. రాళ్ళెక్కే బూట్లకు కొత్త అడుగు వెయ్యడం ఆ ఊళ్ళో అతనొక్కడికే వచ్చు. అరిగిన రబ్బరును వేడిచేసి ఊడదీస్తాడు. గరుకు కాగితంతో రుద్దుతాడు. బంక రాసి ఆరనిచ్చి, మళ్ళీ రాసి, కొత్త రబ్బరు పెట్టి, కర్ర అచ్చుకు ఎక్కించి సుత్తితో కొడతాడు. ఒక్కో జతకు రెండు రోజులు. బూటు చూస్తే మనిషి గోడ మీద ఎలా ఉంటాడో చెప్పగలడు. పళ్ళ డాక్టరుకు ఎడమ బొటనవేలి దగ్గరే ముందు అరుగుతుంది. భయం పుట్టినప్పుడు ఆయన ఆ కాలితో గోడను గీకుతాడు. ఆ సంగతి మామ ఎవరికీ చెప్పలేదు. గుంపుకు డాక్టరే పెద్ద మరి.

ఆ గుంపులో దేనికి కరువున్నా సలహాలకు లేదు. ఒకడు గోడ మీద చిక్కుకుంటే కింద పదిమంది తయారు. "కుడికాలు పైకెత్తు." "కాలు కాదయ్యా, నడుము గోడకి ఆనించు." "ఆ చెయ్యి వదిలెయ్, ఏం కాదు." ఏం కాదు అనేవాడు ఎప్పుడూ నేల మీదే ఉంటాడు. ఎండెక్కాక ఫ్లాస్కులు తెరిచి, ఉడికించిన గుడ్లూ అరటిపళ్ళూ పంచుకుని, పొద్దున ఎవరెక్కడ జారారో మధ్యాహ్నం దాకా చెప్పుకునేవాళ్ళు. మామ సలహా మాత్రం ఒక్కటే. "ముడి చూసుకున్నావా?" పేరు అలా వచ్చింది.

మోకాలు అరిగాక అతను ఎక్కడం మానేశాడు. కింద నిలబడి తాడు పట్టడం మానలేదు. ఇరవైరెండేళ్ళుగా పడుతూనే ఉన్నాడు. ఎక్కేవాళ్ళు నడుముపట్టీకి కట్టుకున్న తాడును గోడ పొడవునా ఉన్న ఇనపరింగుల్లో తగిలించుకుంటూ పైకి పోతారు. మిగతా తాడు కింద పట్టేవాడి నడుము దగ్గరున్న బిగింపులోంచి అతని చేతిలోకి వస్తుంది. ఎక్కేవాళ్ళ ప్రాణం ఆ చేతిలోనే ఉంటుంది. అందుకే మామ ఒక పద్ధతి పెట్టాడు. కాలు నేల వదలకముందు పట్టేవాడు ఎక్కేవాళ్ళ ముడిలో బొటనవేలు దూర్చి చూడాలి, ఎక్కేవాళ్ళు పట్టేవాడి బిగింపును నొక్కి చూడాలి. పట్టేవాడు "ఉన్నా" అనాలి. అప్పుడే ఎక్కాలి. డాక్టరైనా అంతే, నిన్న చేరినవాడైనా అంతే.

ఆ పద్ధతిలో తాడు రెండో చివర ఊసు లేదు. దానికి ముడి వెయ్యడం మామ సొంత అలవాటు. సంచిలోంచి తాడు తియ్యగానే ముందు ఆ చివరకు ముడి వేసేవాడు. తాడు చాలకపోతే ఆ ముడి బిగింపులో ఇరుక్కుని ఆగుతుంది. ఎవరూ ఎప్పుడూ చూడలేదు. చూడాల్సిన అవసరం రాలేదు.

ఆ గురువారం మామ దుకాణంలో కూర్చుని గుంపు తాడును వేళ్ళతో తడిమి చూశాడు. అరవై మీటర్ల తాడు. రెండు చివరలూ నలిగి దూదిలా అయ్యాయి. వేడి కత్తితో ఒక్కో చివర నాలుగేసి మీటర్లు కోసేశాడు. ముక్కలు ఇంటికి తీసుకెళ్తే భార్య వాటిని కలిపి వరండాలో బట్టలారేసుకోవడానికి కట్టుకుంది. "గట్టి తాడండీ, ఊరికే ఎందుకు కోశారు?" అని కూడా అంది.

ఆదివారం గుంపులోని లెక్కల టీచరు పొడుగు గోడ ఎక్కుతానంది. ఇరవైఎనిమిది మీటర్ల గోడ. పైకీ కిందికీ యాభైఆరు. అరవై మీటర్ల తాడుకు అది లెక్కలోది కాదు. మామ సంచి విప్పి తాడు చివర చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడే పళ్ళ డాక్టరు బూటు పట్టుకొచ్చాడు.

"మామా, ఈ అంచు లేస్తోంది చూడు."

మామ తాడు కింద పెట్టి బూటు అందుకుని బొటనవేలితో నొక్కాడు. "బంక ఆరకముందే తొడిగేశారు డాక్టరు గారూ. ఇంకో రోజు ఆగాల్సింది."

బూటు ఇచ్చేశాడు. టీచరు ముడిలో వేలు దూర్చాడు. "ఉన్నా" అన్నాడు.

ఆమె పై దాకా ఎక్కి, "దించండి మామయ్యా" అని కేకేసింది. దించేటప్పుడు కళ్ళు మనిషి మీదే ఉండాలి, తాడు మీద కాదు. అది కూడా మామ నేర్పిందే. అతను పైకి చూస్తూ కొద్దికొద్దిగా వదిలాడు. ఆమె ఇంకా రెండు నిలువుల ఎత్తులో ఉండగా చేతిలో బరువు లేకుండా పోయింది. చూస్తే తాడు చివర బిగింపులోంచి జారి పైకి పోతోంది.

ఆమె కుడి మడమ మీద రాతిపై పడింది. కాలు బూటులో ఉబ్బిపోతుంటే మామ జేబులోంచి తోలు కోసే కత్తి తీసి బూటు కోశాడు. కుట్టు వెంబడే కోశాడు, మళ్ళీ కుట్టడానికి వీలుగా. చెయ్యి తన అలవాటు ప్రకారం తాను చేసుకుపోయింది. లైన్‌మేన్ ఆమెను వీపున వేసుకుని రోడ్డు దాకా మోశాడు.

"తాడు కోసింది నేనే. చివర ముడి వెయ్యనిది నేనే" అని మామ అందరి ముందూ చెప్పాడు. బూటు మాట ఎత్తలేదు. మర్నాడు డాక్టరు ఫోన్లో అందరికీ పన్నెండు జాగ్రత్తలు రాసి పంపాడు. అందులో పదకొండు మామ దగ్గర నేర్చుకున్నవి. పన్నెండోది, "తాడు రెండో చివర ముడి చూడకుండా ఎవరూ ఎక్కరాదు."

ఆ తర్వాత కూడా మామ ప్రతి ఆదివారం వెళ్ళాడు. తాడు పట్టవద్దని ఎవరూ అనలేదు. పట్టమనీ ఎవరూ అనలేదు. పేరులోంచి ముడి రాలిపోయింది. మామ మిగిలాడు. కూతురి జోకు కూడా ఆగిపోయింది. అతను గుడ్లు ఒలుచుకు తినేవాడు, బూట్లు చూసేవాడు, ఇంటికి వచ్చేవాడు. ఏడుపు రాలేదు. నిద్ర బాగానే పట్టేది. అన్నం తింటుంటే వరండాలో తాడు మీద తన చొక్కాలే ఆరుతూ కనిపించేవి. చూసేవాడు. ఏమీ అనిపించేది కాదు.

"ఏమండీ, ఒంట్లో బాగాలేదా?" అనేది భార్య.

"బాగానే ఉంది."

"బాగుంటే కూర ఎలా ఉందో చెప్పేవారు."

అయిదో నెలలో లెక్కల టీచరు చేతికర్రతో దుకాణానికి వచ్చింది. మామ స్టూలు తుడిచి వేశాడు.

"నా కుడిబూటు మీ దగ్గరే ఉందట కదా మామయ్యా."

అతను పై అరలోంచి తీసి ఇచ్చాడు. కుట్టేసి ఉంది. ఆమె కాలు దూర్చి చూసింది. పట్టలేదు. మామ నేల మీద కాగితం పరిచి, ఆమె పాదం చుట్టూ పెన్సిలు తిప్పాడు. పాత కొలత పక్కన పెట్టి చూశాడు.

"మడమ అరవేలు వెడల్పయింది."

"ఇక అలాగే ఉంటుందట. బళ్ళో పిల్లలు నాకు పేరు కూడా పెట్టేశారు, లంబకోణం అని. కర్ర పట్టుకు నిలబడతాను కదా."

మామ నవ్వాలనుకున్నాడు. కాగితం మడిచాడు.

"ఆ రోజు ముడి ఎందుకు మర్చిపోయారు?" అంది ఆమె.

"మర్చిపోయానమ్మా."

"డాక్టరు గారు చెప్పారులెండి, మధ్యలో బూటు తెచ్చానని. ఆసుపత్రికొచ్చి ఏడ్చారు."

"ఆయన ఏడ్చారా?"

"మీరు మాత్రం రాలేదు."

"వచ్చాను. మెట్ల దాకా."

జిరాక్సు మిషను చప్పుడు వినిపిస్తోంది. ఆమె కర్ర మొనతో నేల మీది రబ్బరు ముక్కల్ని ఒకచోటికి చేర్చింది.

"ఆదివారం వస్తాను. తాడు మీరే పట్టాలి."

"లైన్‌మేన్ పడతాడమ్మా. వాడి చెయ్యి మంచిది."

"అతను పడితే ఎక్కగలను, నాకు తెలుసు. మీరు పడితే ఎక్కగలనో లేదో చూసుకోవాలి. ఎక్కగలిగితే మీకూ మంచిదే. మళ్ళీ అందరూ అడుగుతారు."

అదంతా నిజమే. మామ మూడు రోజులు ఆ బూటు ముందేసుకు కూర్చున్నాడు. మడమ దగ్గర కుట్టు విప్పి, తోలు తడిపి, అచ్చుకు చెక్కముక్క అదనంగా కొట్టి సాగదీశాడు. చాలనిచోట పక్కన చిన్న పట్టీ వేశాడు.

ఆదివారం అతను తాడు అందుకున్నాడు.

"టీచరు గారూ, ఇంకోసారి ఆలోచించుకోండి" అన్నాడు డాక్టరు.

"అయిదు నెలలు ఆలోచించానండీ. పడుకుని చేసే పని అదొక్కటే కదా."

లైన్‌మేన్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "వెనకాల నేనూ తాడు పట్టుకుంటా మామా. ఏమనుకోకు."

"అనుకోడానికేముంది. పట్టుకో."

చిన్న గోడ. తాడు మూడింతలు మిగులుతుంది. అయినా మామ చివర ముడి వేశాడు. టీచరు కర్ర ఊతంతో తాడు వెంబడి ఆ చివర దాకా నడిచి, వంగి, ముడిలో వేలు దూర్చి లాగి చూసింది. ఇంకోసారి లాగింది. వెనక్కి వచ్చి బిగింపు నొక్కింది. అతను ఆమె ముడి చూశాడు.

"ఉన్నా" అన్నాడు.

ఆమె ఎక్కింది. మూడు నిలువుల ఎత్తులో ఆగింది. కుడికాలు కుట్టుమిషను సూదిలా ఆడుతోంది. కింద పాతికమంది ఉన్నారు. ఒక్క సలహా రాలేదు. అంత నిశ్శబ్దం ఆ క్వారీలో మామ ఇరవైరెండేళ్ళలో వినలేదు. ఆమె నుదురు రాతికి ఆనించి చాలాసేపు ఉంది.

"దించండి" అంది.

మామ దించాడు. ఆమె పాదం ఆకు మీద పెట్టినట్టు నేల మీద ఆనింది.

"నా వల్ల కాలేదు మామయ్యా."

"సరేనమ్మా."

"మీరు బాగానే పట్టారు. పైకెళ్ళాక వెనక్కి తిరిగి చూడాలనిపించింది, మీ చేతిలో తాడుందో లేదోనని. చూస్తే పడిపోతాను. చూడకపోతే ఎక్కలేను." ముడి విప్పుకుంటూ అంది, "వచ్చేవారం లైన్‌మేన్‌ని పట్టమంటాను."

"పట్టమను. బాగా పడతాడు."

లైన్‌మేన్ తాడు వదిలి చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. డాక్టరు ఫ్లాస్కు తెరిచాడు. మామ వెళ్ళి తాడు చివరి ముడి విప్పి, తాడు చుట్టడం మొదలుపెట్టాడు. చుట్ట చుట్టకీ మోచేతి కొలత. మధ్యలో ఆపి చూసుకుంటే బాధ ఎక్కడా తగల్లేదు. ఆకలి మాత్రం వేస్తోంది.

తర్వాతి వారం ఆమె లైన్‌మేన్ తాడు మీద చిన్న గోడ పై దాకా ఎక్కింది. మడమ దగ్గర వేసిన పట్టీ కదలలేదు. మామ తాడు రెండో చివర పక్కన రాయి చూసుకుని కూర్చున్నాడు. అక్కడ కూర్చోమని ఎవరూ చెప్పలేదు. ఎక్కబోయేవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, అతని కాళ్ళ దగ్గర వంగి, ముడి లాగి చూసి వెళ్తున్నారు.

ఆ రోజే కొత్తగా చేరిన అమ్మాయి వచ్చి ముడి చూసి, వెనక్కి వెళ్ళి లైన్‌మేన్‌ని అడిగింది. "ఆయన ఎక్కరా? ఎవరాయన?"

"మామ" అన్నాడు లైన్‌మేన్. "బూట్లకు అడుగు వేస్తాడు. ఊళ్ళో ఆయనొక్కడే."

మామ గుడ్డు రాయికి కొట్టి ఒలవడం మొదలుపెట్టాడు.