వెనక సీటు

కార్టూన్ బొమ్మలు వాటంతటవే నడుస్తాయనుకునేవాణ్ణి. ఆ తెలివితోనే కువైట్‌లో ఒక జపాన్ దర్శకుడి దగ్గర బొమ్మలకు రంగులేసే పనిలో చేరాను. బొమ్మ వేసే ఒక్కో అడుక్కీ ఒక్కో షీటు. ఆయన ప్రతి షీటునూ వెలుతురుకు పట్టి చూసి, తనకొచ్చిన ఒకే ఒక్క హిందీ మాట అనేవాడు: "ఫిర్ సే." మళ్ళీ వేసేవాణ్ణి.

ఇరాక్ సైన్యం దిగిన వారంలోనే ఆయన సౌదీ సరిహద్దు దాకా కారు మాట్లాడుకున్నాడు. సగం తయారైన సినిమా షీట్లన్నీ కట్టలు కట్టి వెనక సీటులో సర్దమన్నాడు.

"మరి నేను, సార్?"

షీట్ల మీద చెయ్యేసి, "నో ఫిర్ సే" అన్నాడు. అవి పోతే మళ్ళీ రావట.

ఆ కారు నడిపే కడప డ్రైవరు నవ్వాడు. "బొమ్మలకు సీటుండాది, నీకు లేదంటప్పా."

కట్టలు కట్టాను. సినిమాలో హీరో ఇంటికి నడిచే షీట్లు మాత్రం నా పరుపు కింద పెట్టుకున్నాను. నేను ఇల్లు చేరేదాకా అతనూ చేరకూడదనుకున్నాను.