మునెమ్మ ఓపిక పట్టిన పది నెలలు

మునెమ్మ మొగుణ్ణి ఎనుముకు అమ్ముకుందని వడమాలపేటలో చెప్పుకునేవారు. పుత్తూరు సంతకు పోయే బండ్లలోనూ అదే మాట.

1946 ఎండాకాలంలో ఆమె భర్త చెంగయ్య, పరంధామయ్య రైసుమిల్లులో ఇంజను బెల్టుకు చిక్కి చనిపోయాడు. పదోనాటికి పరంధామయ్య ఒక పాడి ఎనుమును ఆమె ఇంటిముందు కట్టించి, పెద్దమనుషుల ఎదుట, ఇంకేమీ అడగనని రాసిన కాగితం మీద ఆమె చేత వేలిముద్ర వేయించుకున్నాడు.

"కల్లు తాగి పడినాడు. అయినా మా ధర్మం మేం సేస్తా ఉండాం," అన్నాడు, అందరికీ వినబడేట్టు.

చెంగయ్య కల్లు ముట్టి ఎరగడు. ఆ మాట అన్నవాడి చేతే దాన్ని వెనక్కి మింగించాలని మునెమ్మ అక్కడే అనుకుంది. ఎనుమును కొట్టంలోకి తోలుకుంది.

ఆమె దగ్గర పాలు పోయించుకునే గోవిందస్వామి ఇన్సూరెన్సు ఏజెంటు. కూలీలకు ఇన్సూరెన్సు కట్టమని అడగబోతే పరంధామయ్య అతణ్ణి రెండుసార్లు గేటు బయటినుంచే తరిమాడు. ఆ మంట అతనికి చల్లారలేదు.

"అక్కా, పనిలో సచ్చినోడి పరిహారం యజమాని నీ సేతికిచ్చేది గాదు. మద్రాసులో కమిషనరు దగ్గర కట్టాల. ఊళ్లో ఏమిచ్చినా సట్టానికి పట్టదు. తాగినాడన్నా తప్పదు."

"అయితే ఈ ఎనుము?"

"ఎనుము నీదే. కట్టాల్సింది కట్టాల్సిందే."

"ఎన్నాళ్లలోపల అడగాల?"

"ఏడాది."

"ఇంకా శానా ఉండాది తమ్ముడూ. ఏమేమిస్తాడో ఇయ్యనీ."

పండక్కి చీర వచ్చింది, తీసుకుంది. వడ్లు వచ్చాయి, తీసుకుంది. ఇచ్చినప్పుడల్లా పరంధామయ్య నలుగురిలో కల్లు మాట ఎత్తేవాడు. ఆమె తల వంచుకుని వినేది.

"సిగ్గు ల్యా నీకు?" అని తోడికోడలు అక్కమ్మ మొహమ్మీదే అడిగింది.

పది నెలలు నిండాక మునెమ్మ గోవిందస్వామి చేత అర్జీ రాయించి మద్రాసుకు పంపింది. నోటీసు అందగానే పరంధామయ్య పరుగెత్తుకొచ్చాడు.

"ఎనుమిస్తిని గదమ్మే. వేలిముద్ర ఏస్తివి గదా?"

"ధర్మానికి ఇస్తా ఉండానంటివే సామీ," అంది మునెమ్మ, పేడ ఎత్తుతూ.

ఇన్సూరెన్సు లేదు కాబట్టి పరిహారమంతా అతని ఇంట్లోంచే పోయింది. ఎకరా మామిడితోపు అమ్ముకున్నాడు. మునెమ్మ మొగుణ్ణి రెండుసార్లు అమ్ముకుందని ఊరు మాట మార్చుకుంది.

డబ్బుతోపాటు, చావు ఎలా జరిగిందో కూడా యజమాని కమిషనరుకు రాసివ్వాలని మునెమ్మకూ గోవిందస్వామికీ తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు. చెంగయ్య మిల్లులో పని చేస్తుండగా బెల్టు లాగి చనిపోయాడని పరంధామయ్య, కల్లు మాట ఎత్తకుండా, తన చేత్తో రాసి, కింద సంతకం పెట్టాడు.