అందరి వంతూ తిన్న ఏథోల్ పాస్కో

ఏథోల్ పాస్కో పుట్టిందీ, పెరిగిందీ, ముసలివాడైందీ మా ఊరు కెల్లీస్ ఫ్లాట్‌లోనే. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా పనిచేశాడు. బొగ్గు గని మూతపడి మా ఊరికి రైలు రావడం మానేశాక కూడా కొన్నాళ్ళపాటు పొద్దున్నే వానకోటు వేసుకుని వెళ్ళి పట్టాలు చూసి వచ్చేవాడు. టెలిఫోను స్తంభంలా సన్నగా పొడుగ్గా ఉండేవాడు. అబద్ధం ఆడడనీ, మందు ముట్టడనీ అతని గురించి ఊరంతా ఒప్పుకునేది. ఎంత పెట్టినా తింటాడనే సంగతి మాత్రం ఏడాదికి ఒక్కరోజే పనికొచ్చేది.

మందు ముట్టనన్న మాట వాళ్ళమ్మకిచ్చింది. చిన్నప్పుడు మెథడిస్టు చర్చిలో నిలబెట్టి, అందరూ వింటుండగా చెప్పించిందట. పెద్దయ్యాక అదే చర్చిలో తలుపు దగ్గర నిలబడే పని అతనికిచ్చారు. ఆదివారం వచ్చినవాళ్ళతో చెయ్యి కలిపి, పాటల పుస్తకం అందించి లోపలికి పంపాలి. ఆ పనంటే అతనికి ప్రాణం. దానికోసం ఒక గోధుమరంగు కోటు విడిగా ఉంచుకున్నాడు. ఇంకెక్కడికీ దాన్ని తొడిగేవాడు కాదు.

మా ఊళ్ళో మిగతావాళ్ళు ఎక్కువమంది క్యాథలిక్కులు. అందరికీ ఉన్నది ఒక్కటే పబ్బు. దాన్ని నడిపేది రీనీ కాడిగన్. భర్త పోయాక ఒంటరిగా నడిపింది. మేడమీద గదే ఆమె ఇల్లు.

గుడ్ ఫ్రైడే నాడు పబ్బులో మందు అమ్మకూడదు. అయితే భోజనానికి వచ్చినవాడికి అమ్మొచ్చు. భోజనానికి ముందో గంట, తర్వాతో గంట. అది ప్రభుత్వం పెట్టిన రూలు. ఆ రోజు ఉపవాసం ఉండాలి, ఒక్క పూటే కడుపునిండా తినాలి. అది ఫాదర్ పెట్టిన రూలు. ఆ ఒక్క పూటా రాత్రి ఇంట్లోనే తినాలన్నది మా ఊరి ఆడవాళ్ళు పెట్టిన రూలు. మూడిట్లోనూ గట్టిది చివరిదే. కాబట్టి మధ్యాహ్నం బీరు తాగాలంటే తినాలి, తింటే ఇంటికి వెళ్ళలేరు.

మొదట్లో రీనీ అందరి ముందూ ఒక పళ్ళెం పెట్టేది, ఎవరూ ముట్టేవారు కాదు. తనిఖీకి వచ్చినవాళ్ళు చల్లారిన చేపల్ని చూసి ఒకసారి హెచ్చరించి వెళ్ళారు. తర్వాతి ఏడాది ఇంకోసారి హెచ్చరించారు. మూడోసారి లైసెన్సు తీసేస్తామని చెప్పారు.

అప్పుడు రీనీ ఏథోల్ ఇంటికి వెళ్ళింది.

"నువ్వు ఉపవాసం ఉండవు కదా ఏథోల్?"

"మా చర్చిలో అది లేదు."

"అయితే పబ్బుకొచ్చేవాళ్ళ వంతు కూడా నువ్వు తినిపెట్టాలి."

ఏథోల్ ఆ రోజంతా ఆలోచించాడు. పక్కవాడి ఉపవాసం చెడిపోకుండా చూడటం తప్పెలా అవుతుందని చివరికి ఒప్పుకున్నాడు.

అలా మొదలై ఏళ్ళ తరబడి సాగింది. పొడుగు బల్లకి మధ్యలో ఏథోల్ కూర్చునేవాడు, మెడకి తువ్వాలు కట్టుకుని, పక్కన అల్లం సోడా పెట్టుకుని. రెండు వైపుల నుంచీ పళ్ళాలు అతని దగ్గరికి జరిగేవి. ఉడికించిన చేప, బఠాణీలు, బంగాళాదుంపలు, అన్నిటి మీదా రీనీ కాచిన పాల సాసు. ప్రతి పళ్ళానికీ తల వంచి ప్రార్థన చేసేవాడు, అది వేరే మనిషి భోజనం కాబట్టి. ఖాళీ పళ్ళెం మళ్ళీ సొంతదారు ముందుకు వెళ్ళేది.

"ఎలా ఉందోయ్ సాసు?" అని రీనీ ఏటా అడిగేది.

"వేడిగా ఉంది రీనీ," అనేవాడు. ఆమె మురిసిపోయేది.

ఇందులో మోసముందని అతనెప్పుడూ అనుకోలేదు. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు, అబద్ధం చెప్పాల్సిన అవసరమూ రాలేదు.

ఆ ఏడాది గుడ్ ఫ్రైడే నాడు విడవకుండా వాన. తడిసిన జుట్టుతో ఒకావిడ లోపలికి వచ్చి, మూల బల్ల దగ్గర కూర్చుని చేప తెమ్మంది. మా ఊరి మీదుగా మంచుకొండలు చూడటానికి వెళ్తూ దారిలో ఆగిందనుకుంది రీనీ. ఆవిడ పళ్ళెం మొత్తం తిన్నది. నీళ్ళు మూడుసార్లు అడిగింది. తర్వాత లేచి, కోటు జేబులోంచి గుర్తింపు కార్డు తీసి చూపించింది. లైసెన్సుల ఇన్‌స్పెక్టరు, పేరు మిస్ విటేకర్.

"ఈ బల్ల దగ్గర భోజనం చేసిందెవరు?"

"అందరం చేశాం మిస్," అన్నాడు కాన్ మొయినహన్. గనిలో పనిచేసి మానేసినవాడు, మాట్లాడాల్సి వస్తే మా తరఫున మాట్లాడేవాడు అతనే.

"సాసు ఎలా ఉంది?"

కాన్ ఏథోల్ తువ్వాలు మీద పడ్డ సాసు మరక వంక చూశాడు. "తెల్లగా ఉంది."

"రుచి అడుగుతున్నాను."

కాన్ గ్లాసు కింద పెట్టాడు. "ఇవాళ మాకు ఉపవాసం మిస్."

"ఉపవాసంలో బీరు తాగొచ్చా?"

"బీరు తిండి కాదని ఫాదరే చెప్పారు."

"మీ ఫాదర్‌తో నాకు పని లేదు. మిసెస్ కాడిగన్, భోజనానికి రానివాళ్ళకి మీరు మందు అమ్మారా, లేదా?"

"లేదు," అంది రీనీ. ఆమె చేతులు ఏప్రన్‌లోకి వెళ్ళిపోయాయి.

"నేను వచ్చినప్పట్నుంచీ చూస్తున్నాను. ఈ గదిలో నేను కాక భోజనం చేసింది ఒక్క మనిషి. అంటే ఈ గ్లాసులన్నీ ఆయనవేనన్నమాట."

ఆవిడ వెటకారంగానే అంది. కానీ మా వాళ్ళకి ఇంకో దారి కనిపించలేదు. ముందుగా కాన్ తన గ్లాసుని రెండు వేళ్ళతో పక్కకి నెట్టాడు. అది పక్కవాడి గ్లాసుని కలుపుకుంది. పళ్ళాలు వెళ్ళిన దారినే గ్లాసులూ నెమ్మదిగా జరిగి వెళ్ళి ఏథోల్ చుట్టూ నిలబడ్డాయి. కొన్ని సగం, కొన్ని అడుగంటినవి, ఒకటి అప్పుడే నింపింది. అతని అల్లం సోడా వాటి మధ్య కనిపించకుండా పోయింది.

"మీ పేరేంటండీ?" అంది మిస్ విటేకర్.

"పాస్కో."

"ఈ గ్లాసులు మీవా మిస్టర్ పాస్కో?"

ఏథోల్ వాటిని చూశాడు. "ఇప్పుడే ఇచ్చారు కదా. నావే."

"తాగింది మీరేనా?"

కాన్ కళ్ళు మూసుకున్నాడు. అవునంటే ఏథోల్ జీవితంలో మొదటి అబద్ధం. కాదంటే రీనీ లైసెన్సూ, దాంతోపాటు మేడమీద గదీ పోతాయి. ఏథోల్ తువ్వాలు సరిచేసుకున్నాడు.

"ఇంకా పూర్తి కాలేదు," అన్నాడు.

తల వంచి ప్రార్థన చేసి, దగ్గర్లో ఉన్న గ్లాసు ఎత్తాడు. మందు మింగినట్టు మింగాడు, జబ్బుమనిషి మింగే మందు. గ్లాసు దించి, రెండోదానికి మళ్ళీ తల వంచాడు. నింపిన గ్లాసు వంతు వచ్చినప్పుడు రీనీ మొహం గోడవైపు తిప్పుకుంది. మిస్ విటేకర్ ఒకసారి "ఇక చాలండీ" అంది. అతను తల అడ్డంగా ఊపాడు. పళ్ళెంలోదైనా గ్లాసులోదైనా వదలడం అతనికి తెలియదు.

చివరి గ్లాసు ఖాళీ అయ్యాక ఆవిడ అంది, "తాగి తూలేవాడికి అమ్మడం ఇంకో నేరం, తెలుసా?"

ఏథోల్ లేచాడు. కడుపులో ఊరందరి చేపా ఉంది, దానిమీద ఎంత బీరు పోసినా ఇంకిపోయినట్టే ఉంది. పట్టాల మధ్య నడిచినట్టు ఒకే కొలత అంగలతో తలుపుదాకా నడిచాడు. తలుపు తీసి పట్టుకుని, ఆదివారం అలవాటు కొద్దీ ఆవిడ వైపు చెయ్యి చాపాడు.

"వచ్చినందుకు సంతోషం," అన్నాడు.

ఆవిడ అతన్నీ గ్లాసుల్నీ మార్చి మార్చి చూసింది. అబద్ధం ఎక్కడుందో పట్టుకోవాలని చూస్తున్నట్టుంది. చివరికి చెయ్యి కలిపి, వానలోకి వెళ్ళిపోయింది. ఆమె పై ఆఫీసుకి ఏం చెప్పుకుందో మాకు తెలియదు. లైసెన్సు మాత్రం పోలేదు.

ఆదివారం ఏథోల్ చర్చికి అందరికంటే ముందు వెళ్ళి, పాస్టరుకి తనే చెప్పేశాడు.

"ఎంత తాగావు?" అన్నారు పాస్టరు.

"వాళ్ళు తాగగా మిగిలిందంతా."

"ఎందుకు?"

"అబద్ధం చెప్పకుండా ఉండటానికి."

పాస్టరుకి దీన్ని ఏ పాపం కింద జమ కట్టాలో తోచలేదు. ఏమీ చెయ్యకుండా ఉంటే బాగుండదని, ఏడాదిపాటు తలుపు దగ్గర వేరే మనిషిని పెట్టారు. ఏథోల్ గోధుమరంగు కోటు బీరువాలోకి వెళ్ళింది. వెనక వరసలో మామూలు చొక్కాతో కూర్చునేవాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్ళో పెట్టుకునేవాడు. కాన్ ఒకసారి పాస్టరు దగ్గరికి వెళ్ళి మేం చేయించిన పని ఇదని చెప్పబోతే, "అతను ఎవరి పేరూ చెప్పలేదు, నువ్వూ చెప్పకు," అన్నారట.

మళ్ళీ గుడ్ ఫ్రైడే వచ్చింది. ఏథోల్ వస్తాడో రాడోనని రీనీ కిటికీ దగ్గరే తచ్చాడింది. వచ్చాడు. బల్ల మధ్యలో కూర్చుని అల్లం సోడా అడిగాడు. తువ్వాలు కట్టుకోలేదు. కాన్ తన పళ్ళెం జరిపితే ఒక వేలితో ఆపాడు.

"ఇవాళ నాకు ఉపవాసం."

"మీ చర్చిలో లేదుగా?"

"లేదు. నిరుడు మీ బీరు నేను తాగాను. ఈ ఏడు మీ ఉపవాసం నేను ఉంటాను. మీరు తినండి."

"ఒకరి ఉపవాసం ఇంకొకరు ఉండొచ్చా ఏథోల్?"

"ఇన్నేళ్ళూ మీ తిండి నేను తిన్నప్పుడు అడిగావా?"

"రాత్రి ఇంట్లో మా ఆవిడ వండుతుంది," అన్నాడు కాన్.

"అదీ తిను. నేను రేప్పొద్దున దాకా ఏమీ తినను."

బల్ల పొడుగునా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కాన్ ఫోర్కు అందుకుని, తల వంచి, సాసుతో సహా ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఆగాడు. ఏథోల్ వంక చూశాడు. ఏథోల్ సోడా బుడగల్ని చూస్తున్నాడు. కాన్ మళ్ళీ నమిలి, బీరు సగం దాకా తాగి, అప్పటికి మింగాడు.

రీనీ అతని వెనకే నిలబడి ఉంది. "ఎలా ఉందోయ్?"

కాన్ రెండో ముక్క కోశాడు.

"వేడిగా ఉంది రీనీ," అన్నాడు.